మూడేసి తీస్తే మిగిలిన పిక్క

అటక మీది గోనెపట్టా విప్పగానే ముందు కిరసనాయిలు వాసన వచ్చింది, దాని వెనక పాత చింతపండు వాసన, ఆ రెండింటి అడుగున, ఇన్నేళ్ళయినా చెక్కని వదలని ఎండు మెత్తళ్ళ చేపల వాసన. బందరులో మేముంటున్న ఇంటికి ఈ మధ్య రంగులు వేయిస్తూ అటక ఖాళీ చేయించాను. రంగులేసే ఆయన ఆ చెక్కని అటూ ఇటూ తిప్పి, పొయ్యిలోకి పనికొస్తుందాండీ అని అడిగాడు. పొయ్యిలో పెట్టేదే అయితే ఎప్పుడో పెట్టేదాన్ని. అది మా నాయనమ్మ వామనగుంటల పీట. కుడివైపు చివరి గుంట మీదుగా పాత చీరపీలిక గట్టిగా చుట్టి ఉంది. పీలిక కింద వేలు పెట్టి చూశాను. గింజ తగిలింది. చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఈ వయసులో కూడా ఆ గింజంటే నాకు భయమే.

నేను బడికి వెళ్ళలేదు. ఇందులో దాచుకునేదీ లేదు, గొప్పా లేదు. ఇద్దరు పిల్లల తల్లినయ్యాక, మా వీధిలో సాయంత్రాలు పెట్టిన పెద్దవాళ్ళ బడిలో అక్షరాలు దిద్దుకున్నాను. అక్షరాలకంటే చాలా ముందే నాకు లెక్క వచ్చు. అది ఈ పీట మీద నేర్చుకున్నదే. ముద్దుచేసి నేర్పింది కాదు, భయపెట్టి నేర్పింది.

మా ఊరంటే, కోడూరు దాటి సముద్రం వైపు వెళ్తూ ఉంటే వరిచేలు అయిపోయి చవుడు నేల మొదలయ్యాక, కృష్ణ సముద్రంలో కలిసే మొగకి దగ్గర్లో ఉండే పాకల వరస. తొంభైల మొదట్లో సంగతి, రొయ్యల చెరువులు ఇంకా మా దాకా రాలేదు. ఎండాకాలమంతా తాటిముంజల నీళ్ళు మోచేతుల మీదుగా కారుతూ, ఒంటి మీద ఉప్పు పేలుతూ గడిచిపోయేది. వానలు పడితే గుమ్మంలోకి పీతలు వచ్చేవి, వాటి వెంట మేం పడేవాళ్ళం. చలి మొదలయ్యేసరికి తంపటేసిన తేగల పొగ, నాగులచవితికి నాయనమ్మ రోట్లో నువ్వులూ బెల్లమూ దంచి చేసే చిమ్మిలి ఉండలు, రెండు రోజులదాకా అరచేతుల్ని వదలని నువ్వుల జిడ్డు. ఇవి తలుచుకుంటే ఎవరికైనా నోరూరుతుంది. నాకు మాత్రం చిమ్మిలి అనగానే గాలి చప్పుడు వినపడుతుంది. ఎందుకంటే మా దగ్గర చిమ్మిలి రోజులూ గాలివాన రోజులూ ఒకటే. నేను పుట్టకముందు వచ్చిన ఉప్పెనలో నాయనమ్మ తుమ్మచెట్టు పట్టుకుని బతికింది, ఆ ముళ్ళ మచ్చలు ఆవిడ ముంజేతుల మీద చివరిదాకా ఉన్నాయి. పండగ పూట కూడా పాక నడిమి గుంజకి ఒక తాడు చుట్టి ఉంచేది. అది దేనికని మేమెవరం అడిగేవాళ్ళం కాదు. పిల్లలం ఎందరమో అంత పొడుగు తాడది.

మావాళ్ళలో మనుషుల్ని లెక్కపెట్టకూడదు. చేపల్ని లెక్కపెట్టొచ్చు, వలకి కట్టే సీసపు గుళ్ళని లెక్కపెట్టొచ్చు, వేటకెళ్ళే మనుషుల్ని మాత్రం ఒకటీ రెండూ అని వేలు చూపిస్తే, ఆ వేలు ఎవరి మీదికి పోతే వాణ్ణి గంగమ్మ పిలుచుకుంటుందని నమ్మకం. కానీ ఎందరు వెళ్ళారో తెలియకపోతే ఎందరు రావాలో తెలియదు కదా. అందుకని ఈ పీట. పడవలు కదిలే పొద్దున ప్రతి ఇంటి ఆడమనిషీ వచ్చి, తన మనిషి పేరున చివరి గుంటలో ఒక చింతపిక్క వేసి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోవాలి. పిక్కలు నాయనమ్మవి. ఒక పక్క బండ మీద అరగదీసి తెల్లగా చేసి, ఆముదం రాసి ఉంచేది.

నాలుగో పిక్క పడిందంటే అది పుంజీ. గుంటలో పుంజీ నిలవకూడదు. నాయనమ్మ ఆ నాలుగూ తీసేసి, వాటికి బదులుగా ఎడమపక్క గుంటలో ఒక్కటి వేసేది. ఆ గుంటలోనూ నాలుగయితే, అవీ తీసేసి దాని పక్క గుంటలో ఒకటి. అందువల్ల ఏ గుంటలోనూ మూడుకి మించి పిక్కలు కనపడవు. చివరి గుంటలో పిక్క ఒక మనిషి. దాని పక్క గుంటలో పిక్క నలుగురు. ఆ పక్కన ఉన్నది పదహారు మంది. గింజలన్నీ ఒకేలా ఉంటాయి, ఏ గుంటలో కూర్చుందన్నదాన్ని బట్టే దానిలో ఎన్ని ప్రాణాలున్నాయో. నేను ఆ పీట పక్కన గట్టిగా ఊపిరి తీసేదాన్ని కాదు. నా పావడా తగిలి ఒక గింజ పక్క గుంటలోకి దొర్లితే, లేని ముగ్గురు పుట్టుకొస్తారు. ఇటు దొర్లితే ఉన్న ముగ్గురు పోతారు.

మనిషి ఇంటికి రాగానే వాళ్ళావిడ వచ్చి ఒక పిక్క వెనక్కి తీసి నాయనమ్మ చేతిలో పెట్టేది. చివరి గుంట ఖాళీగా ఉంటే, పక్క గుంటలో ఒక పిక్కని విడగొట్టి నాలుగుగా పోసి, అందులోంచి ఒకటి తియ్యాలి. చిన్నప్పుడు ఒకసారి చివరి గుంట ఖాళీగా ఉండటం చూసి, అందరూ వచ్చేశారని అరుస్తూ వీధిలోకి పరిగెత్తాను. పక్క గుంటలో రెండు పిక్కలున్నాయి. ఎనిమిది మంది ఇంకా నీళ్ళ మీదే ఉన్నారు. ఆ రోజు నన్ను ఎవరూ కొట్టలేదు. వాళ్ళు నా వైపు చూసిన చూపుకంటే కొట్టినా బాగుండేది.

ఎందరు వెళ్ళారన్నది నోట్లో పెట్టుకోకూడదు, మనసులో కూడా పెట్టుకోకూడదు, పీటకి అప్పజెప్పి ఊరుకోవాలి. మరి పీటే తిరగబడితే? దానికి నాయనమ్మ దగ్గర ఒక ఉపాయం ఉండేది. చేపలు ముందు పోసుకుని నాకు నేర్పింది. పుంజీ మార్చినప్పుడల్లా నాలుగు తీసి ఒకటి వేస్తున్నాం, అంటే పీట మీద మూడు తగ్గుతున్నాయి, ఎప్పుడు తగ్గినా మూడే. అందుకని చేపల్ని మూడేసి చొప్పున పక్కకి నెట్టేస్తే చివర ఎన్ని మిగులుతాయో, పీట మీది పిక్కల్ని ఏ గుంటవని చూడకుండా కలిపేసి మూడేసి తీసేస్తే సరిగ్గా అన్నే మిగులుతాయి. ఏడు చేపలుంటే పక్క గుంటలో ఒకటి, చివరి గుంటలో మూడు, వెరసి నాలుగు పిక్కలు. ఏడులో మూడేసి తీస్తే ఒకటి. నాలుగులో మూడు తీసినా ఒకటే. ఎన్ని చేపలు పోసినా తప్పేది కాదు. ఒక చేప దాచేస్తే దొరికిపోయేదాన్ని. రెండు దాచినా దొరికిపోయేదాన్ని.

“మూడు దాస్తేనో?” అన్నాను.

నాయనమ్మ పీట మీది పిక్కలు ఏరడం మొదలుపెట్టింది.

“ముగ్గురు రాకపోతేనో నాయనమ్మా?”

నోటి మీద కొట్టింది. చెయ్యి చిమ్మిలి జిడ్డుతో ఉంది. దెబ్బ మరిచిపోయాను గానీ ఆ నువ్వుల వాసన మరిచిపోలేదు. ముగ్గురు పోతే ఆ లెక్కకి కళ్ళు కనపడవని ఆ దెబ్బతోనే తెలిసింది.

మాకు రెండు పడవలుండేవి. ఒకటి మా నాన్న నడిపేవాడు, రెండోది బాబాయి. వాటిలో కూలికి వచ్చేవాళ్ళలో ఊళ్ళో ఇల్లూవాకిలీ లేనివాళ్ళు కొందరుండేవాళ్ళు, వాళ్ళ పేరున పిక్కలు నాయనమ్మే వేసేది. అందులో ఒకడు అప్పలసామి. ఉత్తరాంధ్ర నుంచి వచ్చినవాడు. ‘ఏటి, ఏటి’ అంటాడని మేం వెక్కిరిస్తే, మాకంటే బాగా తనే తనని వెక్కిరించుకునేవాడు. మొగ దగ్గర ఒక ఇసకదిబ్బ ఉండేది, దాని మీద తాటాకు గుడిసె. పడవలు పోతూపోతూ అతన్ని అక్కడ దింపేవి. ఎండబెట్టిన చేపల్ని గద్దలు తన్నుకుపోకుండా కాసుకుని, తిరిగొచ్చే పడవ ఏది ముందొస్తే అందులో ఎక్కి వచ్చేవాడు. బయల్దేరేముందు మాత్రం ఎప్పుడూ మా గుమ్మంలో నిలబడేవాడు.

“నా పిక్క ఏసినావేటమ్మా?”

“ఏశాన్లేరా. నీకన్నా నీ పిక్కే నయం, పెట్టినచోట కూర్చుంటుంది.”

నవ్వుకుంటూ వెళ్ళేవాడు. ఆ ఏడు నాగులచవితి వెళ్ళాక కూడా అలాగే అడిగి, చిమ్మిలి ఉండ ఒకటి తలపాగాలో దోపుకుని వెళ్ళాడు.

ఆ తరవాత రేడియోలో మచిలీపట్నం రేవు దగ్గర ప్రమాద సూచిక ఎగరేశారని చెప్పడం మొదలుపెట్టారు. పూటపూటకీ దాని నంబరు పెరుగుతోంది. వాళ్ళు చెప్పే అంకెని నేను మనసులో పిక్కలుగా మార్చుకునేదాన్ని. పక్క గుంటలో ఒకటి, చివర మూడు. తరవాత పక్క గుంటలో రెండు, చివర ఖాళీ. గుంట ఖాళీ అయినప్పుడు ఎందుకో ఇంకా ఎక్కువ భయమేసింది. ఆకాశం చేప పొట్ట రంగులోకి తిరిగింది. కాకులు అన్నీ ఊళ్ళోపలికి, పొలాల వైపు ఎగిరిపోయాయి. పొద్దున్నే బాబాయి పడవ వచ్చేసింది. నాన్న పడవ రాలేదు. మైకు కట్టిన జీపు వచ్చి అందరూ లారీ ఎక్కమంది. బాబాయి మనుషుల ఆడవాళ్ళకి పీట దగ్గరకొచ్చి పిక్కలు తీసుకునే తీరిక కూడా లేకపోయింది. వెళ్ళినవాళ్ళందరి పిక్కలతోనూ పీట అలాగే ఉంది. నాయనమ్మ దాన్ని ఒళ్ళో పెట్టుకుని, పైన కొంగు కప్పి, లారీలో కూర్చుంది. అమ్మ నన్ను తన కాళ్ళ మధ్య ఇరికించుకుంది.

కాలవగట్టు మీద లారీ చక్రం గోతిలో పడింది. అందరం ఒకరి మీద ఒకరం పడ్డాం. తల ఎత్తేసరికి పీట బోర్లా ఉంది.

నాయనమ్మ అరవలేదు. లారీలో ఉన్న ఆడవాళ్ళందరూ అరిచారు. చెక్కల సందుల్లో, మూటల కింద, తడి గోనెల్లో వెతికి వెతికి పిక్కలు ఏరారు. నాలుగు దొరికాయి. గింజలు దొరికాయి గానీ ఏది ఏ గుంటలోదో ఎవరికీ తెలియదు. ఒక్కో గింజ ఒకడా, నలుగురా, పదహారు మందా? నాయనమ్మ వాటిని కొంగున ముడేసుకుని కళ్ళు మూసుకుంది.

తుఫాను షెల్టరులో తడి బట్టల వాసన, పసిపిల్లల వాసన, ఎవరో వెంట తెచ్చుకున్న మేకల వాసన. నేను తలుపు దగ్గరే నిలబడ్డాను. మధ్యాహ్నానికి నాన్న వచ్చాడు. ఊళ్ళో ఎవరూ లేకపోవడం చూసి, తనూ తన పడవ మనుషులూ గట్టెంట నడిచి వచ్చారట. అమ్మ వెళ్ళి ఆయన చొక్కా అంచు పట్టుకుని నిలబడింది, అంతే.

నాయనమ్మ అప్పుడు ఎవరి దగ్గరో చింతపండులోంచి కొత్త పిక్కలు తీయించింది. అవి అరగదీయనివి, నల్లనివి. వచ్చిన మనిషి ప్రతి ఒక్కడి పేరునా ఒకటి వేయించి, పుంజీలు మారుస్తూ వచ్చింది. పక్క గుంటలో మూడు, చివరి గుంటలో ఒకటి నిలిచాయి. మొత్తం నాలుగు. కొంగు ముడిలో అరగదీసినవీ నాలుగే. సరిపోయాయి. షెల్టరంతా ఒక్కసారి మాటలు మొదలయ్యాయి. పదమూడు మంది అని ఇప్పుడు నేను లెక్కగట్టి రాస్తున్నాను గానీ, ఆ రోజు ఆ మాట ఎవరూ అనలేదు.

అన్నం పొట్లాలు ఇచ్చారు. నాకు చలేస్తోందని అమ్మ నా తడి పావడా విప్పి, పొడి తువ్వాలు చుట్టి, పావడాని గుమ్మం దగ్గర పిండింది. టక్‌మని చప్పుడయింది. అంచు మడతలోంచి ఒక పిక్క గచ్చు మీద పడి, తెల్ల పక్క పైకి తిరిగింది. అమ్మా నేనూ దాన్ని చూశాం. ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకున్నాం. అమ్మ దాని మీద కాలు పెట్టింది.

నేను ఇప్పటికీ ఆ పాదం చూడగలను. కడియం వేసిన పాదం, వేళ్ళ మధ్య బురద.

“కాలు తియ్యి మంగా,” అంది నాయనమ్మ. చప్పుడు ఆవిడా విన్నది.

“లారీలో ముందునించీ ఉన్నదేమో అత్తా.”

“తెల్లగా ఉందా లేదా చెప్పు.”

అమ్మ పాదం ఇంకా గట్టిగా నొక్కింది. “ఎవరి మనిషి వాళ్ళకొచ్చాడు కదా. ఇక్కడ ఎవరూ ఏడవట్లేదు. ఇంకేం కావాలి నీకు?”

“ఏడ్చేవాళ్ళు లేనోడి పిక్క నేనేశానే,” అంది నాయనమ్మ.

అమ్మ కాలు తీసింది. నాలుగులో మూడు తీస్తే ఒకటి. అయిదులో మూడు తీస్తే రెండు. లెక్క తప్పింది. వచ్చినవాళ్ళూ వెళ్ళినవాళ్ళూ ఒకటి కాదు. నేను చెప్పక్కర్లేకుండానే నాన్నకి అర్థమయింది. గది అవతల పడుకున్న బాబాయిని లేపాడు.

“అప్పలసామి నీ పడవలో వచ్చాడు కదరా?”

“నువ్వెక్కించుకొస్తావని నేను దిబ్బ వైపే చూళ్ళేదన్నయ్యా.”

తన కంటే ముందు వచ్చిన తమ్ముడే ఎక్కించుకుని ఉంటాడని నాన్న, వెనకొచ్చే అన్న ఎక్కించుకుంటాడని బాబాయి, ఇద్దరూ దిబ్బని దూరం నుంచే దాటేశారు. ఏ పడవ ముందొస్తే అది అన్న ఏర్పాటు మంచి రోజుల్లో బాగానే ఉండేది. గాలి చూసి ఇంటికి పరిగెత్తే రోజున అది ఎవరి పనీ కాకుండా పోయింది.

నాన్నా బాబాయీ లేచారు. మొగ దాకా వెళ్ళక్కర్లేదు, మడ అడవి పాయలోంచి చిన్న పడవ మీద పోతే దిబ్బ దగ్గరే, చీకటి పడకముందే వచ్చేస్తాం అని నాన్న అమ్మకి చెప్పాడు. అబద్ధమని అమ్మకి తెలుసు, ఆమెకి తెలుసని ఆయనకీ తెలుసు. అమ్మ ఈసారి చొక్కా పట్టుకోలేదు. చేతులు రెండూ పిండిన పావడాలో చుట్టుకుని నిలబడింది.

వాళ్ళు వెళ్ళాక నాయనమ్మ పీటలోంచి ఇద్దరి పిక్కలు తీసింది. చివరి గుంటలో ఉన్న ఒకటి తీసింది. ఇంకొకటి తియ్యడానికి అక్కడ లేదు. పక్క గుంటలో ఒక పుంజీని విడగొట్టి, నాలుగు పోసి, ఒకటి తీసింది. పక్క గుంటలో రెండు, చివర మూడు మిగిలాయి.

షెల్టరు రేకుల్ని గాలి పట్టుకుని లాగడం మొదలుపెట్టాక, భయానికి ఏదో ఒకటి చెయ్యాలని నేను పీట దగ్గర కూర్చున్నాను. రెండూ మూడూ అయిదు నల్లపిక్కలు. నాయనమ్మ కొంగులో అయిదు తెల్లపిక్కలు. అయిదులో మూడు తీస్తే రెండు, అటూ రెండే, ఇటూ రెండే. సరిపోయింది.

సరిపోయిందని తెలియగానే పిక్కల మీంచి చెయ్యి లాగేసుకున్నాను. బయట ముగ్గురున్నారు. సరిగ్గా ముగ్గురు. నాయనమ్మ నోటి మీద కొట్టి నన్ను అడగనివ్వని ముగ్గురు వాళ్ళే. ఆ లెక్క ప్రకారం నీళ్ళ మీద ఎవరూ లేరు. అందరూ క్షేమంగా ఇంట్లో ఉన్నారు. మళ్ళీ మళ్ళీ చేశాను. మళ్ళీ మళ్ళీ సరిపోతూనే ఉంది. ఆ వేళ ఎంత గాలి వీచిందో, ఎన్ని రేకులు లేచిపోయాయో పెద్దవాళ్ళు తరవాత కథలుగా చెప్పుకున్నారు. నాకు గాలి గుర్తులేదు. తప్పని లెక్క ఒక్కటే గుర్తుంది. తప్పితే బాగుండునని ఏడ్చాను. లెక్క తప్పాలని దేవుణ్ణి మొక్కుకోవడం అదే మొదలు, అదే చివర.

నీళ్ళు తీశాక, మర్నాడు మధ్యాహ్నం ఇద్దరు మనుషులు గట్టు మీద నడిచి రావడం చూశాం. ఒంటి మీద బట్టలు సరిగా లేవు. పడవని మడచెట్లకి కట్టి, తమని చెట్లకి కట్టుకుని గాలివానంతా అక్కడే గడిపారట. తగ్గాక మొగ వైపు వెళ్ళి చూశారట. నాన్న షెల్టరు మెట్ల మీద కూలబడి, నాయనమ్మ వైపు చూడకుండా అన్నాడు.

“దిబ్బ లేదమ్మా.”

గుడిసె లేదనలేదు, అప్పలసామి లేడనలేదు. దిబ్బే లేదన్నాడు. నాయనమ్మ ఇద్దరి పిక్కలూ మళ్ళీ వేసింది. అయిదు తెల్లపిక్కల్లో నాలుగు కొంగున ముడేసుకుని, అయిదోదాన్ని చేతిలో ఉంచుకుంది. తరవాత నల్లపిక్కలన్నీ తీసి పారేసి, ఖాళీ పీట మీద చివరి గుంటలో ఆ ఒక్కదాన్ని పెట్టింది.

పడవలు కదిలే పొద్దున పీట ఖాళీగా ఉండాలన్నది మావాళ్ళ కట్టుబాటు. ఆ తరవాత మా పీట ఎన్నడూ ఖాళీగా లేదు. ఆడవాళ్ళు వచ్చి ఆ ఒక్క పిక్క మీదనే తమ పిక్కలు వేసేవాళ్ళు. అందరూ తిరిగొచ్చాక అది మళ్ళీ ఒంటిగా మిగిలేది. లెక్క ఎప్పుడూ ఒకటి ఎక్కువ వస్తోందని ఒకరిద్దరు సణిగారు. ఎక్కువ కాదు, అంతే ఉండాలి అనేది నాయనమ్మ. నాన్న వేటకి వెళ్ళడం మానలేదు. వెళ్ళేముందు గుమ్మంలో నిలబడి పీట వైపు ఒకసారి చూసేవాడు, నోరు తెరిచి ఏమీ అడిగేవాడు కాదు.

సాయంత్రాల బడిలో మా టీచరమ్మ పలక మీద ఒకటీ, పక్కన సున్నా వేసి ఇదెంత అంటే నేను పుంజీ అన్నాను. పక్క గుంటలో ఒకటి, చివర ఖాళీ, నాకు అది నాలుగే. ఆవిడ నవ్వకుండా, మీ గుంటలో మూడు దాకా పడతాయి, ఈ గుంటలో తొమ్మిది దాకా పడతాయి, అంతే తేడా అని చెప్పింది. ఇంటికొచ్చి ఆలోచించాను. ఇక్కడ పది తీసి ఒకటి వేస్తారు, తగ్గేది తొమ్మిది. అయితే ఈ లెక్కలో అంకెలన్నీ కలిపి తొమ్మిదేసి తీసి చూడొచ్చు. వేసి చూశాను, నిజమే. తొమ్మిది మంది ఒక్కసారిగా పోతే గానీ ఈ లెక్క గుడ్డిది కాదని కొన్నాళ్ళు ధైర్యంగా ఉన్నాను. తొమ్మిది మందీ పోగలరని తరవాత తెలిసింది.

ఇప్పుడు ఆ పాకల వరస లేదు. అక్కడంతా రొయ్యల చెరువులు, నీళ్ళు చిలికే మోటార్ల చప్పుడు. పడవలకి నంబర్లు రాసి ఉంటాయి, ఎవరెవరు ఎక్కారో ఫోనులో ఉంటుంది, మనుషుల్ని వేలు చూపించి లెక్కపెడితే ఎవరూ ఉలిక్కిపడరు. మొగ దగ్గర ఇసకదిబ్బ ఒకటి మళ్ళీ లేచిందట, అది అదేనో కాదో చెప్పగలవాళ్ళు లేరు. నాయనమ్మ పోయాక మేం బందరు వచ్చేస్తున్నప్పుడు, ఆ పిక్క దొర్లిపోకుండా పీట చుట్టూ పీలిక కట్టింది అమ్మ. తన చీరే చింపింది.

రంగులాయన నిచ్చెన దిగి, ఇంతకీ దీన్నెక్కడ పెట్టమంటారండీ అన్నాడు. నా ముందు పెట్టమన్నాను. మా అబ్బాయి ఆ పొద్దునే పెద్ద బోటు మీద వెళ్ళాడు. ఏడుగురం అమ్మా, అని ఫోనులో చెప్పాడు, చెప్తూ ఉండగానే సిగ్నల్ పోయింది. వంటింట్లోంచి చింతపిక్కలు తెచ్చుకున్నాను. పీలిక విప్పాను. ఆ పాతదాని మీద ఒక్కొక్కటే వేస్తూ వచ్చాను. మూడోది పడగానే పాతదానితో కలిపి పుంజీ అయింది. నాలుగూ తీశాను. వాటిలో ఆ అరగదీసిన తెల్లపిక్కనే పక్క గుంటలో పెట్టాను. మిగిలిన నలుగురివీ వేశాను, మళ్ళీ పుంజీ అయింది, పక్క గుంటలో ఆ తెల్లదాని పక్కన ఇంకొకటి చేరింది. చివరి గుంట ఖాళీ అయింది. ఖాళీ అంటే అందరూ వచ్చేసినట్టు కాదని నాకు తెలుసు. పీట పక్కనే కూర్చున్నాను, ఊపిరి గట్టిగా తీయకుండా.